మొదటి ఆట ఒక్కసారే: షూటర్ మ్యాపింగ్ పోటీలో సింగిల్ ప్లేయర్ లెవెళ్లకు మార్కులు వేయడం ఎలా?

మొదటిసారి నన్ను జడ్జిగా కూర్చోబెట్టినప్పుడు నేను చేసిన తప్పుతోనే మొదలుపెడతాను. బెంగళూరు మారతహళ్ళిలో మా ఫ్లాట్, ఆదివారం పొద్దున. మనవాళ్లు నలుగురైదుగురు కలిసి క్వేక్ అనే షూటింగ్ ఆటకి చిన్న మ్యాపింగ్ పోటీ (సొంతంగా లెవెళ్లు, అంటే మ్యాపులు, కట్టే పోటీ) పెట్టుకున్నారు. వచ్చిన మ్యాపుల్లో రెండోదాంట్లో నేనొక తలుపు దగ్గర ఇరుక్కుపోయాను. రెండు నిమిషాలు తిరిగాను. విసుగొచ్చి మ్యాప్‌ని ఎడిటర్‌లో (మ్యాపులు కట్టే సాఫ్ట్‌వేర్‌లో) తెరిచి, మీట ఎక్కడుందో చూసేసి, వెళ్లి నొక్కాను. పని అయిపోయింది. కానీ ఆ మీట వెతికితే దొరికేదా, లేక మ్యాపర్ నిజంగానే దాన్ని చీకట్లో పెట్టేశాడా అన్న ప్రశ్నకి నా దగ్గర ఇక జవాబు లేదు. ఎన్నిసార్లు మళ్లీ ఆడినా నాకా మీట ఎక్కడుందో తెలుసు. తెలియనట్టు నటించగలనేమో గానీ, తెలియకుండా ఉండలేను కదా.

గోడలు, వెలుతురు, రాక్షసుల లెక్క, సీక్రెట్లు (దాచిపెట్టిన చోట్లు) ఎప్పుడైనా కొలుచుకోవచ్చు. కొత్త ఆటగాడిగా ఆ మ్యాప్‌లోకి అడుగుపెట్టడం మాత్రం జడ్జికి ఒక్కసారే దొరుకుతుంది. ఈ మార్గదర్శిలో చెప్పే పద్ధతంతా ఆ ఒక్కసారిని పాడు చేసుకోకుండా, దాన్నుంచి వీలైనంత పిండుకోవడం కోసమే.

ఏ ఆట గురించి

ఉదాహరణలన్నీ క్వేక్ నుంచి ఇస్తాను. 1996లో ఐడీ సాఫ్ట్‌వేర్ విడుదల చేసిన ఆట ఇది. 1999 డిసెంబర్‌లో దాని సోర్స్ కోడ్ బయటికొచ్చింది కాబట్టి క్వేక్‌స్పాజమ్, వీకేక్వేక్, ఐరన్‌వెయిల్ లాంటి కొత్త ఇంజిన్లు (ఆటని నడిపే ప్రోగ్రాములు) పుట్టాయి. ట్రెంచ్‌బ్రూమ్ లాంటి ఉచిత ఎడిటర్ ఉంది. ఆఫీసు నుంచి రాత్రి తొమ్మిదికి ఇంటికి చేరే మనిషి కూడా నెలరోజుల్లో చిన్న లెవెల్ కట్టగలడు. డూమ్‌కో హాఫ్‌లైఫ్‌కో జడ్జిగా కూర్చుంటే అంకెలు మారతాయి, పద్ధతి ఇదే.

ఒకటో అడుగు: ఆడకముందు

నియమాలు ముందు చదవండి. కొన్ని పోటీల్లో థీమ్ ఇస్తారు, కొన్నింటిలో హద్దు పెడతారు: వంద బ్రష్‌లకు మించకూడదనో, 1024 యూనిట్ల (ఆటలోని కొలత) ఘనం లోపలే మ్యాపంతా ఉండాలనో. బ్రష్ అంటే ఎడిటర్‌లో ఒక దిమ్మె. గోడైనా, మెట్టయినా, స్తంభమైనా దాంతోనే కడతారు. వంద బ్రష్‌ల పోటీలో "కొంచెం బోసిగా ఉంది" అని మార్కులు తగ్గించే జడ్జికి నియమాలే అర్థం కాలేదన్నమాట.

జడ్జిలందరూ ఒకే ఇంజిన్, ఒకే వెర్షన్ వాడాలి. మ్యాప్ ఏదైనా మాడ్ (అసలు ఆటని మార్చే అదనపు ఫైళ్లు) కోసం కట్టి ఉంటే ఆ మాడ్ కూడా అందరి దగ్గరా ఉండాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ఒకరి స్క్రీన్ మీద రంగుల వెలుతురు, పొగమంచు కనబడి ఇంకొకరికి కనబడకపోతే ఇద్దరూ రెండు వేర్వేరు మ్యాపులకి మార్కులేసినట్టే.

స్క్రీన్ వెలుగు సంగతి ఇంకా ముఖ్యం. ఒకసారి మధ్యాహ్నం రెండింటికి, బాల్కనీ తలుపు తీసి, ఎండ నేరుగా మానిటర్ మీద పడుతుండగా ఒక మ్యాప్ ఆడి "మరీ చీకటి, లైటింగ్ అస్సలు బాలేదు" అని రాసుకున్నాను. అదే మ్యాప్‌ని నెల్లూరు అన్న (మా ముగ్గురు జడ్జిల్లో పెద్దాయన) రాత్రి ఆడి, లైటింగ్‌కి అందరికంటే ఎక్కువ మార్కులేశాడు. "తమ్ముడూ, కర్టెన్ వేసుకుని ఇంకోసారి చూడు" అన్నాడు. చూశాను. తప్పు బాల్కనీది, మ్యాపర్‌ది కాదు. అప్పట్నుంచి ఆడే ముందు క్వేక్ మొదటి లెవెల్ ఒకసారి తెరిచి, మూలల్లోని నీడలో వస్తువులు కాస్త కనబడుతున్నాయో లేదో చూసుకుని, పోటీ అయ్యేదాకా ఆ సెట్టింగ్‌ని ముట్టుకోను.

మ్యాపర్ల పేర్లు తీసేయించండి. ఫైళ్లకు ఒకటి, రెండు, మూడు అని అంకెలు పెట్టమని పోటీ నడిపేవాళ్లని అడగండి. అయినా మన తెలుగువాళ్ల గుంపు చిన్నది కాబట్టి ఒక్కోసారి మొదటి వరండాలోనే "ఇది వీడిదే" అని తెలిసిపోతుంది. మెట్లకి వాడే టెక్స్చర్ (పైన అతికించే బొమ్మ) చూసి నేను పట్టేసిన మిత్రుడొకడున్నాడు. తెలిసిపోతే దాచకుండా మిగతా జడ్జిలకు చెప్పండి. మీరు కట్టడంలో చేయి వేసిన మ్యాపో, విడుదలకు ముందు ఆడి సలహాలిచ్చిన మ్యాపో అయితే దానికి మార్కులు వేయకుండా తప్పుకోండి. మొదటి ఆట మీకు ఎప్పుడో అయిపోయింది.

ఇక వరస. ప్రతి జడ్జీ వేరే వరసలో ఆడాలి. అందరూ ఒకటి నుంచి మొదలుపెడితే చివరి మ్యాపులకి అందరి అలసటా తగులుతుంది. రోజుకి రెండు, మహా అయితే మూడు. సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో గంటన్నర నిలబడి ఇంటికొచ్చిన రాత్రి ఒక్కటి కూడా వద్దు. ఆ కోపం ఎవరో ఒకరి మ్యాప్ మీద పడుతుంది.

రెండో అడుగు: మొదటి ఆట

నార్మల్ కష్టంలో ఆడండి. ఎక్కువ మంది ఆడేది అందులోనే. కన్సోల్ (ఆటలోనే ఆజ్ఞలు టైపు చేసే తెర) ముట్టుకోకండి. గాడ్ (చావకుండా చేసే ఆజ్ఞ) లేదు, నోక్లిప్ (గోడల్లోంచి వెళ్లనిచ్చే ఆజ్ఞ) లేదు, వీడియో చూడటం లేదు, పక్క జడ్జికి ఫోన్ చేసి "ఆ వెండి తాళంచెవి ఎక్కడరా" అనడం లేదు. సేవ్ చేసుకోవచ్చు. క్వేక్‌లో చనిపోతే లెవెల్ మొదటికే వెళ్తుంది కాబట్టి సేవ్ లేకుండా పెద్ద మ్యాప్ ఆడమనడం అన్యాయం. కానీ ప్రతి మూల దగ్గరా సేవ్ నొక్కితే ఏ గొడవలోనూ (రాక్షసులతో పోరులో) భయం ఉండదు, అప్పుడు కష్టం గురించి మీ మాటకి విలువ ఉండదు. గొడవ అయ్యాక సేవ్ చేయండి, మధ్యలో వద్దు.

స్క్రీన్‌ని రికార్డు చేయండి. క్వేక్‌కి సొంత డెమో రికార్డింగ్ ఉంది గానీ, మధ్యలో సేవ్ లోడ్ చేస్తే పాత ఇంజిన్లలో అది తెగిపోతుంది. ఓబీఎస్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటే తలనొప్పి లేదు. మైకు కూడా ఆన్‌లో ఉంచి, మనసులో ఏమనిపిస్తే అది పైకి అనండి. "ఇటు వెళ్లాలేమో." "ఈ తలుపు ఇందాకే చూశాను కదా." "అబ్బ, ఈ కిటికీలోంచి మొదటి గది కనబడుతోంది!" మా రూమ్‌మేట్ కొన్నాళ్లు నాకేదో అయిందనుకున్నాడు. పర్లేదు. ఆట ఆపి నోట్స్ రాస్తే ఊపు పోతుంది, ఆట అయ్యాక రాస్తే సగం మర్చిపోతాం. మాట రెంటికీ మధ్య దారి.

ఈ ఆటలో మార్కుల గురించి ఆలోచించొద్దు. నాలుగు సంగతులు గమనిస్తే చాలు: ఎక్కడ దారి తెలియలేదు, ఎక్కడ చచ్చారు, ఎక్కడ సంతోషం వేసింది, ఎక్కడ గడియారం చూశారు. చివరిదాన్ని చాలామంది వదిలేస్తారు. నా లెక్కలో అదే అన్నిటికంటే నిజాయితీ గలది.

దారి తప్పితే ఎంతసేపు ఓపిక పట్టాలి? నేను పది నిమిషాలు పెట్టుకున్నాను. పది నిమిషాలు వెతికినా దొరక్కపోతే ఆ సమయం రాసుకుని, అప్పుడు సాయం తీసుకుంటాను. రెండు నిమిషాలకే చేతులెత్తేస్తే ఏం పోగొట్టుకుంటామో పైన చెప్పాను.

చివర్లో వచ్చే లెక్కల తెరని ఫొటో తీసుకోండి: ఎంతసేపు పట్టింది, ఎన్ని సీక్రెట్లు దొరికాయి, ఎంతమంది రాక్షసులు చచ్చారు. తర్వాత దీంతో పనుంది.

మూడో అడుగు: రెండో ఆట, హార్డ్‌లో

కనీసం ఒక రోజు ఆగి ఆడండి. ఇప్పుడు దారి తెలుసు కాబట్టి కళ్లు గొడవల మీద పెట్టొచ్చు. షూటర్ లెవెల్‌కి ప్రాణం ఇదే కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు కూర్చుందాం.

ప్రతి గొడవలో నేను అడిగే మొదటి ప్రశ్న: గుమ్మం దగ్గరే నిలబడి, వెనక్కి నాలుగడుగులు వేసి, ఒక్కొక్కర్నీ కాల్చేస్తే పనైపోతుందా? అయిపోతే మ్యాపర్ ఎంత అందమైన గది కట్టినా ఆ గదిలో గొడవ జరగనట్టే, జరిగింది గుమ్మంలో. మంచి మ్యాపర్లు ఆటగాడిని లోపలికి లాగుతారు. గది మధ్యలో తాళంచెవి పెడతారు, అది తీసుకోగానే వెనక తలుపు పడుతుంది, లేదా వెనక నుంచి ఇద్దరు దిగుతారు. ఇదే పని ప్రతి గదిలోనూ చేస్తే మళ్లీ బోరు. తాళంచెవి కనబడగానే "ఆ, ఇక దిగుతారు" అని వెనక్కి తిరిగి నిలబడే స్థితి వస్తే మార్కు తగ్గించండి.

రెండో ప్రశ్న: ఆ రాక్షసుడు ఆ చోట ఎందుకున్నాడు? క్వేక్‌లో ఒక్కోడికీ ఒక్కో గుణం ఉంది. ఫీండ్ దూకుతాడు కాబట్టి వాడికి నేల కావాలి, ఆటగాడికి పక్కకి తప్పుకునే చోటు కావాలి. షాంబ్లర్ మెరుపు విసురుతాడు. దాన్ని తప్పించుకోవాలంటే చాటుకి ఏదో ఒకటి ఉండాలి. ఏ చాటూ లేని గదిలో షాంబ్లర్‌ని పెడితే అది కష్టం కాదు, బలవంతపు వసూలు. ఓర్ విసిరే గుండు ఆటగాడిని వెంటాడుతుంది కాబట్టి దానికీ మూల కావాలి. జాంబీలు తుక్కుగా పగిలితే తప్ప చావరు, మామూలు తుపాకి దెబ్బలకు పడి మళ్లీ లేస్తారు. గ్రెనేడో రాకెట్టో ఇవ్వకుండా జాంబీల గది పెడితే, కావాలనే పెట్టారా, మర్చిపోయారా అన్నది చూడాలి. పక్కదారి ఉంటే కావాలనే పెట్టినట్టు.

ఓగర్ సంగతి దగ్గరగా చూద్దాం. ఎత్తు మీద ఓగర్‌ని నిలబెట్టి కింద ఆటగాడి మీద గ్రెనేడ్లు వేయించడం అందరు మ్యాపర్లూ చేసేదే. కానీ అసలు ఆటలో ఓగర్ ఎత్తుపల్లాలు లెక్కపెట్టడు. మీరు ఎంత కింద ఉన్నా ఒకే వంపులో విసురుతాడు. గ్రెనేడ్ రెండున్నర సెకన్లలో పేలుతుంది. అంటే అరుగు మరీ ఎత్తుగా ఉంటే గ్రెనేడ్ మీ తల దాటి ఎక్కడో పడుతుంది, మీరు అరుగు కిందికి చేరితే వాడు మిమ్మల్ని ఏమీ చేయలేడు. ఈ సంగతి తెలిసిన మ్యాపర్ అరుగు కింద ఇద్దరు నైట్లను (కత్తి పట్టిన యోధులను) పెడతాడు. మీరు పైవాడి నుంచి తప్పించుకోవడానికి దగ్గరికొస్తే కత్తులు, కత్తుల నుంచి తప్పించుకోవడానికి వెనక్కెళ్తే గ్రెనేడ్లు. అటు నుయ్యి, ఇటు గొయ్యి. ఇలాంటి చోటు కనబడితే ఆ మ్యాపర్ ఆటని ఎరిగినవాడని రాసుకోండి. కొన్ని మాడ్‌లలో ఓగర్ ఎత్తుని కూడా చూసి విసురుతాడు కాబట్టి ముందు మాడ్ ఏదో చూసుకుని మాట్లాడాలి.

మా పోటీలోనే ఒకతను లేపాక్షి మండపంలా బారులు తీరిన స్తంభాలతో పెద్ద హాలు కట్టాడు. బెంగళూరు నుంచి హిందూపురం దాకా వెళ్లొస్తుంటాం కాబట్టి చూడగానే ముగ్గురికీ మనసు పొంగింది. స్తంభాల మీద వెలుతురు పడిన తీరు, మధ్యలో తెరిచిన ఆకాశం, చాలా బాగుంది. హార్డ్‌లో ఆడితే తెలిసింది, అక్కడున్న ఓగర్లు, షాంబ్లర్ ఎవరూ నా దగ్గరికి రావడం లేదు. కారణం కొలత. క్వేక్‌లో ఆటగాడు 32 యూనిట్ల వెడల్పు, 56 ఎత్తు. ఓగర్, ఫీండ్, షాంబ్లర్ లాంటి పెద్దవాళ్లు నడవడానికి లెక్కించే డబ్బా 64 వెడల్పు, 88 ఎత్తు. అతను స్తంభాల మధ్య 48 వదిలాడు. నేను దూరగలను, వాళ్లు దూరలేరు. పైగా క్వేక్ రాక్షసులకు దారి వెతుక్కునే తెలివి లేదు. మీ వైపు నడుస్తారు, అడ్డమొస్తే అటో ఇటో తిరిగి చూస్తారు, అంతే. దాంతో హాలంతా స్తంభాలకి తలలు కొట్టుకుంటున్న రాక్షసులు. చూపుకి నేను పదికి తొమ్మిది వేశాను, గొడవకి నాలుగు. ఆ రెండు అంకెల్నీ కలిపేసి "బాగుంది, ఆరున్నర" అనడం తేలిక. కానీ ఆ ఆరున్నరలో మ్యాపర్‌కి పనికొచ్చే ముక్క ఒక్కటీ లేదు.

నాలుగో అడుగు: అమ్మో లెక్క

తూటాలని గేమర్లు అమ్మో అంటారు. అవి అయిపోయినప్పుడు తెలుగులో కూడా నోట్లోంచి వచ్చే మాట అదే కాబట్టి నాకీ పదం ఇష్టం.

"తూటాలు చాల్లేదు" అని రాసే ముందు కాగితం మీద లెక్క వేయండి. ఒక మ్యాప్‌లో పన్నెండుమంది గ్రంట్లు (తుపాకీ పట్టిన సైనికులు), పదిమంది ఓగర్లు, ఆరుగురు నైట్లు, ఒక షాంబ్లర్ ఉన్నారనుకుందాం. గ్రంట్‌కి 30 ప్రాణం, ఓగర్‌కి 200, నైట్‌కి 75, షాంబ్లర్‌కి 600. అన్నీ కలిపితే 360, 2000, 450, 600, మొత్తం 3410. చేతిలో ఉన్నది మామూలు షాట్‌గన్ ఒక్కటే. ఒక్కో షెల్‌లో (షాట్‌గన్ తూటాలో) ఆరు గుళికలు, ఒక్కోటి 4 దెబ్బ. అన్నీ తగిలితే 24. 3410ని 24తో భాగిస్తే దాదాపు 143 షెల్స్. అన్నీ తగలవు కదా. మూడో వంతు వృథా అనుకుంటే దాదాపు 214 కావాలి.

ఇప్పుడు మ్యాప్‌లో ఎన్నున్నాయి? మొదట్లో చేతిలో 25. గ్రంట్ చచ్చినప్పుడు 5 వదులుతాడు, పన్నెండుమందికి 60. చిన్న డబ్బాలు నాలుగు, ఒక్కోదానిలో 20, అంటే 80. మొత్తం 165. ఓగర్లు వదిలేవి రాకెట్లు, లాంచర్ లేనప్పుడు అవి దండగ. సుమారు యాభై తక్కువ పడ్డాయి.

మ్యాపర్‌కి ఇది ఎందుకు తెలియలేదు? సీక్రెట్లలో చూస్తే 40 షెల్స్ పెద్ద డబ్బాలు రెండు దొరికాయి. వాటితో 245 అవుతాయి. తన సీక్రెట్లు తనకి తెలుసు కాబట్టి ఆడి చూసుకున్న ప్రతిసారీ అవి తీసుకున్నాడు, తనకెప్పుడూ కొరత తగల్లేదు. కొత్తవాడికి తగిలింది. ఈ రకం తప్పు చాలా మ్యాపుల్లో ఉంటుంది.

లెక్కే అంతా కాదనుకోండి. రాక్షసులు వాళ్లలో వాళ్లు కొట్టుకునేలా చేస్తే బోలెడు తూటాలు మిగులుతాయి. కావాలనే కరువు పెట్టి భయపెట్టే మ్యాపులూ ఉంటాయి. అప్పుడు చూడాల్సింది మ్యాప్ ఆ కరువుని మనకి ముందే తెలిసేలా చేసిందా అని. ఇంకో సంగతి, ఆటగాడు ఒకేసారి వంద షెల్స్ కంటే మోయలేడు. గొడవ లేని చోట వరసగా డబ్బాలు పేర్చి, గొడవ ఉన్న చోట ఏమీ పెట్టకపోతే మొత్తం సరిపోయినా సరిపోనట్టే.

ఐదో అడుగు: గోడల్లోంచి తిరగడం

ఇప్పుడు కన్సోల్ తెరవండి. నోటార్గెట్ వేస్తే రాక్షసులు మిమ్మల్ని పట్టించుకోరు, నోక్లిప్ వేస్తే గోడల్లోంచి వెళ్లొచ్చు. ఇది ఇరవై నిమిషాల పని, దీన్ని లాగకండి.

మొదటి ఆట చివర తీసిన ఫొటో ఇప్పుడు బయటికి తీయండి. తొంభై ఎనిమిదిలో తొంభై ఏడుగురు చచ్చారని ఉంటే ఆ ఒక్కడెక్కడ? డెవలపర్ 1 అని కొట్టి మ్యాప్ మళ్లీ లోడ్ చేస్తే, గోడలో ఇరుక్కుని పుట్టిన రాక్షసుడు ఉంటే ఇంజినే కన్సోల్‌లో "వాక్‌మాన్‌స్టర్ ఇన్ వాల్" అని చోటుతో సహా చెబుతుంది. దొరకని సీక్రెట్ ఉంటే దానికి ఏదైనా ఆనవాలు పెట్టారో లేదో చూడండి: వంకరగా ఉన్న ఇటుక, కాస్త వేరే రంగు, కిటికీలోంచి కనబడే వస్తువు. ఆనవాలు ఉండీ మీరు చూడకపోతే అది మీ లోటు. ఏ ఆనవాలూ లేని గోడని గుద్దితే తెరుచుకునేదయితే దాన్ని నేను సీక్రెట్ కింద లెక్కించను.

కష్టాల తేడా కూడా ఇప్పుడే. స్కిల్ 0 (ఈజీ) పెట్టి లోడ్ చేసి రాక్షసుల సంఖ్య చూడండి, తర్వాత స్కిల్ 2 (హార్డ్) పెట్టి చూడండి. రెండూ ఒకటే అయితే మ్యాపర్ ఆ పని వదిలేశాడన్నమాట. హార్డ్‌కీ, దాని పైనున్న నైట్‌మేర్‌కీ మాత్రం వస్తువులు, రాక్షసులు ఒకటే ఉంటాయి. ఆట కట్టింది అలాగే, దానికి మ్యాపర్‌ని తప్పు పట్టకండి.

టెక్స్చర్ అతుకులు, గాల్లో తేలే దీపాలు, కారణం లేకుండా వెలుతురు వచ్చే మూలలు, ఇవన్నీ రాసుకోండి గానీ తక్కువ మార్కులకే కట్టండి. నోక్లిప్‌లో కనబడిన తప్పు, ఆడేటప్పుడు కనబడకపోతే దాని బరువెంత? చాలా తక్కువ.

ఆరో అడుగు: మార్కులు

మేం వందకి వేసుకున్న పద్ధతి: గొడవలు 30, దారి, అల్లిక కలిపి 25, చూపు, వెలుతురు, శబ్దం కలిపి 20, కొత్త ఆలోచన 15, నునుపు (తప్పుల్లేని పనితనం) 10. మీ పోటీకి తగ్గట్టు మార్చుకోండి, మొదటి మ్యాప్ ఆడకముందే మార్చుకోండి. సగంలో మారిస్తే అప్పటికే ఎవరి మీదో ఇష్టం పుట్టి ఉంటుంది.

కొత్త జడ్జిలందరూ ఏడుకీ ఎనిమిదికీ మధ్యే తిరుగుతారు. మనవాళ్లకి ఇది ఇంకా ఎక్కువ, మొహమాటం. నాలుగు వేస్తే వాళ్లింట్లో భోజనం పెట్టరేమోనన్నట్టు ఉంటుంది. దీనికి మందు: అందరికీ తెలిసిన ఒక మామూలు లెవెల్‌ని తీసుకుని దాన్ని ఐదు అనుకోండి. దానికంటే బాగుందా, బాలేదా, ఎంత? ఇలా అడిగితే చేయి కదులుతుంది.

సైజుని చూసి మోసపోకండి. గంటన్నర ఆడిన మ్యాప్ మీద, అంతసేపు గడిపాం కాబట్టే, ఒక మమకారం పుడుతుంది. పన్నెండు నిమిషాల మ్యాప్‌లో ఒక్క వృథా గది లేకపోతే అది పెద్దదానికంటే బాగా కట్టినట్టే. దీన్ని కొలవడానికి నేను మొదటి ఆట రికార్డింగ్‌లో గడియారం చూసిన చోట్లు లెక్కపెడతాను.

చనిపోయిన కోపం చల్లారాక మార్కులేయండి. కారణం రాయగలిగితే మార్కు తీయొచ్చు: "లిఫ్ట్ దిగగానే వెనక నుంచి ఫీండ్, తిరిగే చోటు లేదు" అన్నది కారణం. "అన్యాయం" అన్నది కారణం కాదు.

ఏడో అడుగు: జడ్జిల అంకెలు కలపడం

మార్కులు పంపేదాకా ఒకరి అంకెలు ఒకరు చూడకూడదు. చూశాక వచ్చే చిక్కు ఇది. మా ముగ్గురికీ నిజంగా ఎదురైంది కూడా ఇలాంటిదే. క, ఖ, గ అని మూడు మ్యాపులు. వందని పదికి కుదించి చూస్తే, ఇద్దరు జడ్జిలు వరసగా 8, 7.5, 7 వేశారు. మూడో జడ్జి 4, 9, 6 వేసింది. కలిపితే క 20, ఖ 24, గ 20. ఇద్దరికి మొదటిది అయిన క, ఆఖరిదానితో సమానమై కూర్చుంది. మూడో ఆవిడ తప్పు చేయలేదు, ఆవిడ స్కేల్‌ని పూర్తిగా వాడింది, మిగతా ఇద్దరూ మొహమాటపడ్డారు. దాంతో ఆవిడ ఒక్క మాట ఇద్దరి మాటల కంటే బరువైంది.

అంకెల బదులు స్థానాలు కలిపి చూడండి. కకి 1, 1, 3 అంటే 5. ఖకి 2, 2, 1 అంటే 5. గకి 3, 3, 2 అంటే 8. ఇప్పుడు అసలు సంగతి బయటపడింది: క, ఖ సమానం, గ మూడోది. ఇక్కడ లెక్క ఆపి మాట్లాడుకోవాలి. మేం మాట్లాడుకున్నాం.

"అన్నా, కలో మీరిద్దరూ ఆ బావి దగ్గర దారి ఎలా కనుక్కున్నారు?" అంది ఆవిడ. కడప పిల్ల, బీటీఎంలో ఉంటుంది, మొహమాటం తెలియదు.

"ఎదురుగానే ఉందిగా అమ్మా, నీళ్లలోకి దూకాలి," అన్నాడు నెల్లూరు అన్న.

"మీ రికార్డింగ్ పెట్టండి."

పెట్టాం. అన్న బావి చుట్టూ ఏడు నిమిషాలు తిరిగాడు. తర్వాత కాలు జారి నీళ్లలో పడ్డాడు. నా రికార్డింగ్‌లో నేను ఐదు నిమిషాలు తిరిగి, "దూకి చచ్చి మళ్లీ మొదలెడదాం" అని దూకాను. ఇద్దరం దారి కనుక్కోలేదు, దారిలో పడ్డాం. రెండో ఆట నాటికి అది మర్చిపోయి "ఎదురుగానే ఉంది" అని మార్కులేశాం. అల్లికకి ఇద్దరం మార్కులు తగ్గించాం, ఖ గెలిచింది.

ఎనిమిదో అడుగు: మ్యాపర్‌కి రాసేది

మార్కుల పట్టికని ఒకసారి చూసి మూసేస్తారు. మీరు రాసిన నాలుగు పేరాలు మాత్రం వాళ్లు పదిసార్లు చదువుతారు. ఎక్కడ, ఏం చేశాను, ఏం జరిగింది, నాకేమనిపించింది అన్న వరసలో రాయండి. "దారి గజిబిజి" అని రాస్తే అతను మ్యాపంతా వెతుక్కోవాలి. "బావి దగ్గర ఏడు నిమిషాలు తిరిగాను, నీళ్లు నల్లగా ఉండటంతో దూకితే చస్తాననుకున్నాను" అని రాస్తే చాలు, మందు అతనికే తడుతుంది. ఎలా బాగు చేయాలో మీరు చెప్పనక్కర్లేదు. మీరు చెప్పే మందు మీ మ్యాప్‌కి పనికొస్తుంది, అతని మ్యాప్‌కి కాదు.

బాగున్నదాన్ని కూడా అంతే నిక్కచ్చిగా చెప్పండి. "సూపర్ బ్రో" చదివి సంతోషపడతారు గానీ, ఏది మళ్లీ చేయాలో తెలియదు. మొదటి మ్యాప్ కట్టినవాళ్లకి మర్యాద ఎక్కువ, మార్కులు మాత్రం అందరితో సమానంగా. కనికరంతో వేసిన మార్కులు వాళ్లకి ఇట్టే తెలిసిపోతాయి.

ఫలితాలు వచ్చాక మొదటి ఆట రికార్డింగులని మ్యాపర్లకి పంపండి, మీకు సిగ్గేసేవి కూడా. మేం బావి మ్యాప్ కట్టిన అబ్బాయికి రెండూ పంపాం. వారం తర్వాత కొత్త వెర్షన్ వచ్చింది, నీళ్లు ఆకుపచ్చగా, అడుగున చిన్న దీపంతో. "అన్నా, దీనికి మళ్లీ మార్కులేస్తారా?" అని అడిగాడు. వేయలేదు. గడువు అయిపోయింది, పైగా ఆ బావిలోకి దూకాలని మా ముగ్గురికీ ఇప్పుడు తెలుసు.